ఖంబులా, 1879: బ్రిటిష్–జూలూ యుద్ధాన్ని బల్ల మీద ఆడేందుకు నియమాలు ఎలా రాసుకోవాలి

1879 జనవరి 22న దక్షిణాఫ్రికాలో, జూలూల రాజ్యంలోని ఇసాండ్ల్వానా కొండ కింద బ్రిటిష్ సైన్యం గుడారాలకు వందల గజాల ముందు పలచగా వరుస తీరింది. బండ్లను చుట్టూ నిలిపి కోట కట్టలేదు, కందకం తవ్వలేదు. ఆ సాయంత్రానికి 1,300 మందికి పైగా చనిపోయారు. మార్చి 29న ఖంబులా దగ్గర కల్నల్ ఈవెలిన్ వుడ్ దాదాపు 2,000 మందిని బండ్ల కోటలోనూ మట్టి బురుజులోనూ దగ్గరదగ్గరగా నిలిపాడు. ఎదురుగా మళ్లీ సుమారు 20,000 మంది జూలూ యోధులే. తుపాకీ కూడా అదే మార్టినీ-హెన్రీ. ఈసారి బ్రిటిష్ వైపు చనిపోయినవాళ్లు 30 మంది లోపే.

నియమాలు రాసేవాళ్లు ముందు పట్టుకోవాల్సింది ఈ తేడానే. బ్రిటిష్ ఆటగాడు తేల్చుకోవాల్సింది వెడల్పు: ఎంతమందిని ఎంత మేర పరచాలి? జూలూ ఆటగాడు తేల్చుకోవాల్సింది సమయం: రెండు కొమ్ములూ (పక్కల నుంచి చుట్టుముట్టే దళాలు) రొమ్మూ (ఎదురుగా వచ్చే దళాలు) ఒకేసారి ఎలా తగలాలి? మీ నియమాల్లో ఈ రెండూ లేకపోతే ఎన్ని పట్టికలు రాసినా అది తుపాకులకూ బల్లేలకూ మధ్య పాచికలాటగా మిగులుతుంది. జూలూ సైన్యాన్ని గుంపుగా చూపించే నియమాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. అది వయసుల వారీగా కట్టిన దళాలు, వాటికి నాయకులు, ముందే వేసుకున్న వ్యూహం ఉన్న సైన్యం. దాన్ని అలాగే ఆడించాలి.

సరంజామా

6 అడుగులు × 4 అడుగుల బల్ల (180 × 120 సెం.మీ.), సెంటీమీటర్ల కొలటేపు, ఆరు ముఖాల పాచికలు ఒక డజను, 2 మి.మీ. మందం అట్ట, కొంచెం దూది, ఓ 170 చింతగింజలు. కొండలకు థర్మకోల్ చాలు. దాని మీద స్ప్రే పెయింటు మాత్రం కొట్టకండి, అందులోని ద్రావకం థర్మకోల్‌ను తినేస్తుంది. అక్రిలిక్ రంగులో ఫెవికాల్, జల్లించిన ఇసుక కలిపి బ్రష్షుతో పూయండి. పెచ్చులూడకుండా ఉంటుంది.

అట్టను 4 × 2 సెం.మీ. పలకలుగా కోయండి. బొమ్మలుంటే వాటి మీద అంటించండి, లేకపోతే రంగు వేస్తే చాలు. మొత్తం 105 పలకలు కావాలి: బ్రిటిష్ పదాతి 24, ఆశ్వికులు 6, ఫిరంగులు 3, జూలూలు 72. బ్రిటిష్ వాళ్లకు ఎర్ర కోట్లు. తెల్ల టోపీలు దూరానికి మెరుస్తాయని సైనికులు వాటిని టీ కషాయంలో ముంచి మట్టిరంగు తెప్పించుకునేవాళ్లు, కాబట్టి టోపీకి లేత గోధుమరంగు వేయండి. జూలూ పలకల మీద డాళ్ల రంగు ముఖ్యం. సంప్రదాయం ప్రకారం పెళ్లయిన పెద్ద వయసు దళాలకు తెలుపు ఎక్కువున్న డాళ్లు, కుర్ర దళాలకు ముదురువి. 1879 నాటికి ఈ పద్ధతి కొంత సడలినా, ఏ దళం ఎలా ప్రవర్తిస్తుందో బల్ల మీద చూడగానే తెలియడానికి బాగా పనికొస్తుంది.

కొలతలు

1 సెం.మీ. అంటే నేల మీద 10 మీటర్లు. ఒక రౌండు అంటే పోరు ఉధృతంగా సాగే 2 నిమిషాలు. ఖంబులా పోరు మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి సుమారు 4 గంటలు సాగింది. దళాలు గడ్డిలో పడుకుని ఊపిరి తీసుకున్న సమయాన్ని మనం లెక్కలోకి తీసుకోం కనుక 18 రౌండ్లు సరిపోతాయి.

బ్రిటిష్ పలక ఒక్కటి 50 మంది, రెండు పలకలు ఒక కంపెనీ. జూలూ పలక ఒక్కటి 250 మంది, ఆరు పలకలు ఒక దళం. జూలూల దళాన్ని ఇబుతో అంటారు. ఆరు పలకలనూ మూడు ముందు, మూడు వెనక పెడితే దళం వెడల్పు 12 సెం.మీ. వస్తుంది. ఈ 12 గుర్తుపెట్టుకోండి, కాల్పుల లెక్కంతా దాని మీదే నిలుస్తుంది.

రౌండులో వరస ఇది: జూలూ కదలిక, బ్రిటిష్ కాల్పులు, తడబాటు పరీక్ష, చేయి కలిపే పోరు, చివర బ్రిటిష్ కదలిక. జూలూ దళం 20 సెం.మీ. కదులుతుంది, వాగు గట్ల మీద 10. బ్రిటిష్ పదాతి 10. ఆశ్వికులు 30. ఒక రౌండులో 5 సెం.మీ. కంటే ఎక్కువ కదిలిన పదాతి తర్వాతి రౌండులో కాల్చదు.

కాల్పులు

మార్టినీ-హెన్రీ ఒక్కో తూటా నింపి పేల్చే తుపాకీ. దాని గురిపట్టీ మీద 1,450 గజాల దాకా గుర్తులున్నాయి కానీ, దాడిని నిలబెట్టింది దగ్గరి కాల్పులే. అందుకే దూరాన్ని మూడు మెట్లు చేయండి. ఈ నియమాల్లో ఎక్కడైనా ‘4 పడాలి’ అంటే 4 లేదా పైన అని.

12 సెం.మీ. లోపు: పలకకు 3 పాచికలు, 4 లేదా పైన పడితే దెబ్బ.
12 నుంచి 35: పలకకు 2 పాచికలు, 5 లేదా 6 పడాలి.
35 నుంచి 60: పలకకు 1 పాచిక, 6 పడాలి.

మీదికి దూకుతున్న దళం మీద తగిలే ముందు మొదటి మెట్టు లెక్కన కాల్చాలి. రెండు దెబ్బలకు ఒక జూలూ పలక తీసేయండి, బేసిగా మిగిలిన దెబ్బను తర్వాతి రౌండుకు మోయండి. తీసేసిన పలకంటే 250 మందీ చనిపోయారని అర్థం కాదు. గాయపడ్డవాళ్లు, వాళ్లను మోసుకెళ్లేవాళ్లు, గడ్డిలో పడుకుని ఇక లేవనివాళ్లు అందరూ అందులోకి వస్తారు.

ఒకే రౌండులో 2 లేదా అంతకంటే ఎక్కువ దెబ్బలు తిన్న దళానికి తడబాటు పరీక్ష. ఒక పాచిక వేసి, మిగిలిన పలకల సంఖ్య కలిపి, ఆ రౌండు దెబ్బలు తీసేయండి. 4 లేదా తక్కువ వస్తే దళం అక్కడే పడుకుంటుంది. దూకుతున్న దళమైతే 5 సెం.మీ. ముందే ఆగిపోతుంది. పడుకున్నవాళ్లను కొట్టాలంటే పాచిక మీద ఒక అంకె ఎక్కువ పడాలి, 35 దాటితే అసలు తగలదు. మళ్లీ లేవడానికి రౌండు మొదట్లో 4 పడాలి, నాయకుడు (ఇందునా) 15 సెం.మీ. లోపు ఉంటే 3 చాలు. రెండు పలకలకు పడిపోయిన దళం ఇక దాడి చేయదు.

ఇప్పుడు లెక్క వేయండి. ఒక దళం 60 సెం.మీ. దూరం నుంచి ఒకే ఒక కంపెనీ మీదికి వస్తోంది. 40 దగ్గర 2 పాచికలకు సగటున 0.33 దెబ్బ. 20 దగ్గర 4 పాచికలకు 1.33. తగిలే ముందు 6 పాచికలకు 3. మొత్తం 4.67, అంటే 2 పలకలు పోయి 4 మిగులుతాయి. పరీక్షలో పాచిక + 4 − 3. 1, 2, 3 పడితే ఆగుతారు, 4, 5, 6 పడితే లోపలికి వచ్చేస్తారు. సగానికి సగం.

అదే దళం ముందు రెండు కంపెనీలుంటే 9.33 దెబ్బలు. 4 పలకలు పోతాయి, మిగిలేది 2. పరీక్షలో పాచిక + 2 − 6. ఎంత మంచి పాచిక పడినా 2 దాటదు, ఆగి తీరాలి.

భుజం భుజం కలిపి నిలబడిన కంపెనీ వెడల్పు 8 సెం.మీ., కాబట్టి 12 సెం.మీ. దళం ముందు దాదాపు రెండు కంపెనీలు పడతాయి. పలకల మధ్య ఎడం వదిలి కంపెనీని 16 సెం.మీ.కి సాగదీస్తే దళం ముందు ఒక్క కంపెనీయే మిగులుతుంది. ఇసాండ్ల్వానాకూ ఖంబులాకూ తేడా మీ బల్ల మీద ఇలా కొలటేపుతోనే తేలుతుంది. అందుకే ‘ఎడంగా నిలబడితే ఒక పాచిక తగ్గించు’ అన్న నియమం చేర్చకండి. చాలామంది చేర్చి చెడగొట్టుకుంటారు. శిక్ష దూరాల్లోనే పడిపోయింది, మళ్లీ పాచికల్లో వేస్తే ఒకే తప్పుకు రెండుసార్లు కోత పడుతుంది, బ్రిటిష్ ఆటగాడు బండ్ల కోట దాటి అడుగు పెట్టడు. కాల్చే పలక ముందుకు, అటూ ఇటూ 45 డిగ్రీల లోపు ఉన్నదాన్ని మాత్రమే కొట్టగలదన్న నియమాన్ని మాత్రం కచ్చితంగా పాటించండి. అది సడలితే సాగదీసిన వరుస కూడా కలిసి కాల్చేస్తుంది, లెక్క మొత్తం కూలిపోతుంది.

7 పౌండ్ల గుండు పేల్చే ఫిరంగులకు బల్ల మొత్తం అందుతుంది. 30 సెం.మీ. దాటితే 2 పాచికలు, 5 పడాలి. లోపలైతే 4 పాచికలు, 4 పడాలి.

చింతగింజలు

సైనికుడి దగ్గరుండే తూటాలు 70. ప్రతి బ్రిటిష్ పదాతి పలక వెనక 7 చింతగింజలు పెట్టండి, గింజకు 10 తూటాలు. కాల్చిన ప్రతిసారీ ఒక గింజ తీయాలి. దూరం నుంచి కాల్చినా గింజ గింజే. 60 సెం.మీ. నుంచి మొదలుపెట్టి ఊరికే పేల్చే ఆటగాడికి అసలు దాడి వచ్చే వేళకు చేతిలో మూడు గింజలుంటాయి.

తూటాల బండికి 15 సెం.మీ. లోపున్న పలక ఒక రౌండు కాల్చకుండా ఆగితే 3 గింజలు తిరిగొస్తాయి. 15 నుంచి 40 మధ్య ఉంటే 2 రౌండ్లు ఆగాలి, 2 గింజలే వస్తాయి. 40 దాటితే ఏమీ రావు.

ఇసాండ్ల్వానాలో తూటాల పెట్టెలు తెరుచుకోకే ఓడిపోయారన్న కథ మీరు వినే ఉంటారు. దాన్ని పట్టుకుని ‘6 పడితేనే పెట్టె తెరుచుకుంటుంది’ అని నియమం రాయకండి. 600 తూటాలు పట్టే ఆ చెక్కపెట్టెకు రాగి పట్టీలున్న మాట నిజమే. కానీ మధ్యలో జారే మూతను పట్టి ఉంచింది ఒక్క మర. తుపాకీ మడమతో గట్టిగా మోదితే ఊడిపోతుంది. అసలు కష్టం పెట్టెకూ వరుసకూ మధ్య దూరం, దాన్ని పై నియమం చూసుకుంటుంది. ఇసాండ్ల్వానా నాటి రాత్రే దాడికి గురైన చిన్న స్థావరం రోర్క్స్ డ్రిఫ్ట్‌లో 20,000 తూటాల్లో తెల్లారేసరికి వెయ్యి కూడా మిగల్లేదు. అయినా కాల్పులు ఆగలేదంటే పెట్టెలు వాళ్ల కాళ్ల దగ్గరే ఉండటం వల్ల.

తుపాకీమందు పొగ కోసం దూది. వరసగా రెండు రౌండ్లు కాల్చిన పలక ముందు దూది పెట్టండి. అది ఉన్నంతసేపు 12 సెం.మీ. దాటిన గురికి ఒక అంకె ఎక్కువ పడాలి. ఒక రౌండు ఆగితే పొగ తేలిపోతుంది.

జూలూ వ్యూహం

జూలూలు సేనను దున్న ఆకారంలో నిలుపుతారు. ఎదురుగా రొమ్ము, రెండు వైపులా చుట్టుముట్టే కొమ్ములు, వెనక అవసరానికి ఉంచుకునే నడుము. 12 దళాలను కుడి కొమ్ముకు 4, రొమ్ముకు 3, ఎడమ కొమ్ముకు 3, నడుముకు 2గా పంచండి.

ఆట మొదలుకాకముందే జూలూ ఆటగాడు నాలుగు చీటీలు రాసి మడిచి పెట్టాలి: ఏ భాగం ఏ రౌండులో ఎటువైపు కదలాలో. మధ్యలో మార్చుకోవాలంటే సేనాని ఉన్న చోటు నుంచి దూత పరుగెత్తాలి, రౌండుకు 40 సెం.మీ. సేనానికి మీటరు దూరంలో ఉన్న కొమ్ముకు కొత్త మాట చేరడానికి మూడు రౌండ్లు పడుతుంది. ఈ నియమం లేకపోతే జూలూ ఆటగాడు ఆకాశం నుంచి చూసినట్టు అన్నిటినీ ఒకేసారి నడిపిస్తాడు, ఆ యుద్ధంలో ఎవరికీ దొరకని సౌకర్యం అది.

దళాలు బల్ల మీదికి అంకెలేసిన చీటీలుగా రావాలి. బ్రిటిష్ పలకకు 60 సెం.మీ. లోపు కనిపించినప్పుడే పలకలు పెట్టండి. 12 చీటీలకు తోడు 3 ఖాళీ చీటీలు కలపండి.

ఇక రెచ్చగొట్టడం. బండ్ల కోటల మీదికి నేరుగా వెళ్లొద్దని, శత్రువును బయటికి లాగాలని రాజు సెట్ష్వాయో చెప్పి పంపాడు. ఖంబులాలో వుడ్ తన ఆశ్వికులను బయటికి పంపాడు. ఆశ్వికుల నాయకుడు బుల్లర్ మనుషులు దగ్గరికెళ్లి కాల్చి వెనక్కి పరుగెత్తేసరికి కుడి కొమ్ములోని ఇన్‌గోబమఖోసి కుర్రాళ్లు ఆగలేక వెంటపడ్డారు. ఎడమ కొమ్ము, రొమ్ము ఇంకా చేరుకోలేదు. బ్రిటిష్ తుపాకులన్నీ ఒక్క వైపే తిరిగాయి.

దీన్ని ఇలా పెట్టండి. ఆశ్విక పలక జూలూ దళానికి 35 సెం.మీ. లోపు దిగి కాల్చితే (గుర్రాలు పట్టుకునేవాళ్లు పోగా పలకకు 1 పాచిక, 5 పడాలి), ఆ దళం వెంటనే పరీక్ష వేయాలి. కుర్ర దళమైతే 1 నుంచి 4 పడితే ముందు రాసిన వ్యూహం చీటీలో ఏమున్నా పట్టించుకోకుండా ఆశ్వికుల మీదికి దూకుతుంది. మధ్యవయసు దళమైతే 1 లేదా 2. ఉథుల్వానా లాంటి నలభై దాటినవాళ్ల దళమైతే 1 పడితేనే. కుర్ర దళాలను తక్కువ చేయడం కాదిది. దూకినప్పుడు వాళ్లకు ఆ రౌండు 5 సెం.మీ. అదనపు పరుగు ఇవ్వండి, తడబాటు పరీక్షలో 1 కలపండి. ఇసాండ్ల్వానాలో వరుసను విరగ్గొట్టినవాటిలో ఇన్‌గోబమఖోసి దళమూ ఉంది.

జూలూల దగ్గరా తుపాకులున్నాయి. ఎక్కువ పాత రకాలే, కానీ ఇసాండ్ల్వానాలో దొరికిన మార్టినీలు ఖంబులాలో మోగాయి. 12లో 3 దళాలకు తుపాకీ గుర్తు వేయండి: కదలకుండా ఉన్న రౌండులో దళానికి 2 పాచికలు, 35 సెం.మీ. దాకా, 6 పడాలి. ఒక్కో దెబ్బకు బ్రిటిష్ పలక ఒక గుర్తు తీసుకుంటుంది, మూడో గుర్తుకు తీసేయాలి.

చేయి కలిపినప్పుడు

ఎదురెదురు పలకలు ఒక్కో పాచిక వేస్తాయి. బ్రిటిష్‌కు బాయొనెట్ కోసం +1, బండ్లు లేదా గోడ చాటున ఉంటే మరో +2. జూలూకు వెనక రెండో వరస ఉంటే +1, గోడ లేని చోట దూకి వచ్చిన మొదటి రౌండులో మరో +1. పక్క నుంచి గానీ వెనక నుంచి గానీ తగిలితే తగిలించుకున్నవాళ్లకు −2. తేడా 1 లేదా 2 అయితే ఓడినవాళ్లు 2 సెం.మీ. వెనక్కి తగ్గాలి. 3 లేదా ఎక్కువైతే పలక తీసేయాలి. సమానమైతే పోరు తర్వాతి రౌండుకు సాగుతుంది. గోడ చాటున ఉన్న పలక 2 సెం.మీ. వెనక్కి తగ్గిందంటే గోడ జూలూలదైనట్టే.

ఖంబులా బల్ల

బల్ల మధ్యలో తూర్పు–పడమరలుగా ఒక గట్టు. తూర్పు చివర చిన్న మిట్ట మీద మట్టి బురుజు: 2 కంపెనీలు, ఒక ఫిరంగి పలక. దానికి 20 సెం.మీ. పడమరగా పెద్ద బండ్ల కోట, భుజానికి 16 సెం.మీ. చొప్పున నలుచదరం: 8 కంపెనీలు, అంటే భుజానికి రెండు. బురుజుకు దక్షిణంగా గట్టు అంచున పశువుల దొడ్డి: 1 కంపెనీ. ఇంకొకటి ఆటగాడి ఇష్టం. మిగతా రెండు ఫిరంగి పలకలు బురుజుకూ కోటకూ మధ్య బయలులోనే ఉండాలి, ఆ రోజూ నాలుగు ఫిరంగులు అలాగే నిలబడ్డాయి. తూటాల బండి ఒకటి కోటలో, ఒకటి బురుజులో.

ఉత్తరాన వాలు బయలు, ఏ అడ్డూ లేదు. దక్షిణాన గట్టు నిట్టనిలువుగా పడిపోతుంది. అక్కడ దొడ్డికి 12, 15 సెం.మీ. దూరం దాకా జూలూలు కనపడకుండా గుమిగూడవచ్చు. ఆటలో ప్రాణమంతా ఈ అంచులో ఉంది కనుక థర్మకోల్‌ను అక్కడ వాలుగా కాకుండా నిలువుగా కోయండి, ఎవరు ఎవరికి కనిపిస్తారన్న గొడవ రాదు. ఆ రోజు దొడ్డి జూలూల చేతికి చిక్కింది. అంచు మీద గుమిగూడుతున్నవాళ్లను తరమడానికి మేజర్ హాకెట్ రెండు కంపెనీలతో కోట బయటికి బాయొనెట్లతో వెళ్లి, తీవ్రంగా గాయపడ్డాడు. మీ ఆటలోనూ బ్రిటిష్ ఆటగాడికి ఎనిమిదో తొమ్మిదో రౌండులో ఇదే ప్రశ్న ఎదురవ్వాలి. ఎదురవకపోతే అంచు కోటకు మరీ దూరంగా ఉందన్నమాట, దగ్గరికి జరపండి.

జూలూలకు దొడ్డి పడితే 3 పాయింట్లు, తీసేసిన ప్రతి బ్రిటిష్ పలకకు 2, కోటలో గానీ బురుజులో గానీ రౌండు చివర రెండు పలకలు నిలబడితే 10. 18 రౌండ్లలో 12 వస్తే జూలూ గెలుపు, 7 నుంచి 11 సమం, ఆ లోపు బ్రిటిష్ గెలుపు. పోరు సమంగా లేదనిపించినప్పుడు జూలూ దళాల బలాన్ని మార్చకండి, ఈ పాయింట్లను మార్చండి.

పరీక్షించి చూడండి

మొత్తం ఆట ఆడే ముందు ఒక దళాన్ని ఒక కంపెనీ మీదికి పదిసార్లు నడపండి. నాలుగు నుంచి ఆరు సార్లు చేరితే అంకెలు సరిగ్గా ఉన్నట్టు. తర్వాత రెండు కంపెనీల మీదికి నడపండి. చేరితే పదిలో ఒకటి రెండు సార్లే చేరాలి. ఎక్కువసార్లు చేరుతున్నారంటే చాలావరకు కారణం బేసి దెబ్బలను తర్వాతి రౌండుకు మోయడం మరిచిపోవడమే. ఒకసారికి ఒక్క అంకెనే మార్చి మళ్లీ పదిసార్లు నడపండి.

ఆట మూడు గంటలు దాటుతుంటే కారణం పలకల్ని ఒక్కొక్కటీ జరపడం. ప్రతి జూలూ దళానికి 12 × 4 సెం.మీ. అట్ట ట్రే చేసి మొత్తంగా జరపండి.

ఉలుండి (1879 జులై 4) ఆడాలంటే కోట తీసేసి నలుచదరపు వ్యూహం పెట్టి, గాట్లింగ్ తుపాకీ (పిడి తిప్పి వరసగా పేల్చే అనేక గొట్టాల తుపాకీ) చేర్చండి: 6 పాచికలు, 35 సెం.మీ. దాకా 4 పడాలి. రెండు పాచికల మీద 1 పడితే బిగుసుకుంటుంది, మళ్లీ 4 పడేదాకా పనిచేయదు.

బోయర్లతో (దక్షిణాఫ్రికాలో స్థిరపడిన డచ్చి సంతతివాళ్లు) 1881 మజూబా పోరు ఆడాలంటే ఇంకా మార్చాలి. వాళ్లు మీదికి దూకరు, సగం మంది కాలుస్తుంటే సగం మంది రాళ్ల చాటున పైకి పాకుతారు. కాబట్టి బోయర్ పలకలను జంటలుగా నడపండి, కాల్చిన పలక కదలదు. 1899లో మొదలైన రెండో బోయర్ యుద్ధానికి వస్తే దూది డబ్బా మూసేయండి, పొగ లేని మందు వచ్చేసింది. అయిదు తూటాల క్లిప్పుతో నిండే మౌజర్‌కు రెండో మెట్టులో కూడా 3 పాచికలివ్వండి. ఆ యుద్ధంలోని కొలెన్సో, స్పియోన్ కాప్ పోరులు ఆడేవాళ్లు బ్రిటిష్ వైపు నాలుగు డోలీ పలకలు చేర్చండి. గాంధీ కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది ఉన్నారు, వాళ్లలో 800 మంది దాకా నటాల్ ఒప్పంద కూలీలు. మద్రాసు రేవులో ఓడెక్కి నటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఆ కూలీల్లో తెలుగువాళ్లూ ఉన్నారు. డోలీ పలక రౌండుకు 10 సెం.మీ. కదులుతుంది, కాల్చదు. తీసేసిన బ్రిటిష్ పలక పడిన చోటికి చేరి, అక్కడి నుంచి బల్ల అంచుకు వెనక్కి వస్తే ఆ పలకకు పోయిన 2 పాయింట్లలో ఒకటి తిరిగి ఇవ్వండి.